స్టెయర్ ఎల్‌పీ10తో ఏడాదిన్నర: గన్ గురించి కొంచెం, ఇంట్లో ప్రాక్టీస్ గురించి ఎక్కువ

ముందే చెప్పేస్తున్నా, స్టెయర్ కంపెనీ చేసే ఎల్‌పీ10 అనే ఈ ఎయిర్ పిస్టల్ ఎంత యాక్యురేట్ అని అడిగితే నా దగ్గర పెద్దగా చెప్పడానికేం లేదు. స్టెయర్, మొరీనీ, వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్డీని, ఈ లెవెల్ మ్యాచ్ పిస్టల్ (పోటీలకి వాడేది) ఏది తీసుకున్నా కదలకుండా బిగించి కొడితే పది మీటర్లలో గుళ్ళన్నీ ఒకే చిల్లులోంచి దూరిపోతాయి, గన్‌తో పాటు వచ్చే టెస్ట్ కాగితం మీద కూడా అదే ఉంటుంది, కొంచెం సాగిన ఒక్క కన్నం. మిగతా తప్పులన్నీ మనవే. నేను ఏడాదిన్నరగా సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఎల్‌పీ10 వాడుతున్నా, వాడకం దాదాపు అంతా ఇంట్లోనే, అందులోనూ ఎక్కువసార్లు గుండు పెట్టకుండానే. కాబట్టి ఇది చేతిలో ఎలా కూర్చుంటుంది, ట్రిగర్ ఎలా తెగుతుంది, రోజూ సాయంత్రం పెట్టెలోంచి తీసి క్లిక్ క్లిక్ మనిపించడానికి ఎంత సుఖంగా ఉంటుంది, నేను చెప్పగలిగేది ఇంతవరకే.

కొత్తవాళ్ళకి రెండు ముక్కలు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ అంటే 4.5 మిల్లీమీటర్ల గుండు, ఒంటి చేత్తో నిలబడి కొట్టాలి, మ్యాచ్‌లో 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే 75 నిమిషాలు, దానికి ముందు సర్దుకోడానికి, గురి చూసుకోడానికి 15 నిమిషాలు. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్ ప్రకారం గన్ 1500 గ్రాములు దాటకూడదు, ట్రిగర్ 500 గ్రాముల కంటే తేలిగ్గా ఉండకూడదు, మొత్తం గన్ 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. టార్గెట్‌లో పది రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, చొక్కా బొత్తం అంత. కొనేటప్పుడు షోకు కోసం పొడుగు గొట్టాలు, బరువులు తగిలించినవి చూసి మోజుపడకండి, పోటీకి వెళ్ళే ఉద్దేశం ఉంటే ఈ గన్ కొలతలన్నీ ముందు గుర్తుండాలి.

దీనికి ముందు నా దగ్గర సింగిల్ స్ట్రోక్ పిస్టల్ ఉండేది, అంటే ప్రతి షాట్‌కీ కింద లివర్ తెరిచి మూసి మనమే గాలి నింపాలి. సిలిండర్ గొడవ లేదు, పంపు కొనక్కర్లేదు, నేర్చుకోడానికి చాలా మంచి రకం, ఇప్పటికీ మొదటి గన్ ఏం తీసుకోను అని ఎవరైనా అడిగితే అలాంటిదే చెప్తా. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే నలభయ్యో షాట్ దగ్గర. లివర్ తిప్పి తిప్పి భుజం అలిసిపోతుంది, ప్రతిసారీ గ్రిప్ వదిలేసి మళ్ళీ పట్టుకోవాలి, ఆ పట్టు ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి మారుతుంది, మారిందని మనకి తెలీదు, కాగితం మీద గుండుకి మాత్రం తెలుస్తుంది. ఇంకా పాతకాలం కార్బన్ డయాక్సైడ్ గన్‌లు సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తుంటాయి, అవి గది వేడిని బట్టి ప్రెషర్ మారిపోయి గుండు స్పీడ్ కూడా మారుతుంది, అందుకే అందరూ సిలిండర్‌లో ముందే నింపి పెట్టుకునే కంప్రెస్డ్ ఎయిర్‌కి వెళ్ళిపోయారు, నా ఎల్‌పీ10 కూడా ఆ రకమే, పాతవి ఎంత తేరగా వచ్చినా వద్దనే అంటా.

ఇక గ్రిప్. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఈ గన్‌ల గ్రిప్పులు షూ సైజుల్లాగా చిన్నా మీడియం పెద్దా అని వస్తాయి, కుడి చేతికి వేరు ఎడమ చేతికి వేరు, అమ్మినాయన లార్జ్ గ్రిప్ ఉందండీ అంటే లార్జే కదా ఇంకా మంచిది అనుకుని తీసేసుకున్నా. నా చెయ్యి మీడియం. మొదటి నెల అంతా గుళ్ళు కిందకి ఎడమవైపుకి, గడియారంలో ఏడు దగ్గరకి వెళ్ళిపోయేవి, నేను రియర్ సైట్ (గురి చూడ్డానికి గన్ వెనక ఉండే గాడి) క్లిక్కులు తిప్పుకుంటూ పోయా, సైట్ తిప్పితే మధ్యకొచ్చేవి, రెండ్రోజులకి మళ్ళీ ఎక్కడికో. అసలు సంగతి ఏంటంటే గ్రిప్ పెద్దదై వేలు ట్రిగర్‌కి సరిగ్గా అందక, వేలి కొన పక్కకి తోస్తోంది, పైగా గన్ జారుతుందేమో అన్న భయంతో చివరి క్షణంలో మిగతా వేళ్ళు బిగుసుకుంటున్నాయి.

సరిపోయిందో లేదో చూడ్డానికి నేను ఇప్పుడు చేసే పరీక్ష ఇది. కళ్ళు మూసుకుని గన్ పట్టుకుని చెయ్యి చాపాలి, ఊపిరి తీసుకుని కళ్ళు తెరవాలి. ఫ్రంట్ సైట్, అంటే గొట్టం ముందు చివర నిలబడే చిన్న ముక్క, రియర్ సైట్ గాడిలో మధ్యలో కనిపిస్తే గ్రిప్ మీకు సరిపోయినట్టే. ఒక పక్కకి నక్కి కూర్చుంటే మణికట్టుతో సర్దకండి, గ్రిప్ కోణం మార్చండి, స్క్రూలు ఉంటాయి. స్క్రూలతో కాకపోతే చెక్కకి పుట్టీ పెట్టాలి. నేను చెక్క పుట్టీ మెత్తగా కలిపి గ్రిప్ వెనక బొటనవేలి కింద పెట్టి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని గట్టిగా పట్టుకుని అచ్చు తీశా, ఎండాక గరుకు కాగితంతో రుద్దా. చూడ్డానికి గోడ మీద పిచిక గూడులా ఉంది, మా ఇంట్లో అందరూ నవ్వారు, కానీ ఏడు గంటల దగ్గర పడే గుళ్ళు ఆ వారంలోనే ఆగిపోయాయి. అరచేతి కింద ఉండే పలక కూడా చెయ్యి నలిగేంత పైకి బిగించకండి, వేలు దూరీ దూరనట్టు ఉంటే చాలు.

ఇది ముందే తెలిసుంటే పాత గన్‌లలో గ్రిప్ సరిపోయినది తీసుకునేవాణ్ణి, పేరు చూసి కాదు.

ట్రిగర్ విషయంలో మాత్రం ఎల్‌పీ10కి వంక పెట్టడానికి లేదు. ఫస్ట్ స్టేజ్‌లో వేలు మెత్తగా వెనక్కి వస్తుంది, అక్కడ గోడలాగా ఒకటి తగుల్తుంది, ఆ గోడ మీద ఇంకొంచెం బరువు పెడితే గాజు పుల్ల విరిగినట్టు తెగుతుంది. ఆ గోడ ఎంత గట్టిగా ఉండాలి, ఎక్కడ తగలాలి, ట్రిగర్ బ్లేడ్ ముందుకా వెనక్కా, అన్నీ మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చు కదా అని వారానికోసారి మార్చకండి, నేను మార్చా, మూడు వారాలు వేస్ట్. బరువు చూసుకోడానికి పరికరం ఏం కొనలేదు, అర లీటరు నీళ్ళ సీసాకి వంచిన తీగ కట్టి, తీగా సీసాతో సహా కాటా మీద 520 గ్రాములు వచ్చేదాకా నీళ్ళు పోసి, గన్ గొట్టం నిలువుగా పైకి పెట్టి సీసాని ట్రిగర్‌కి తగిలించి మెల్లగా ఎత్తుతా. 500కి తెగకూడదు, 520కి తెగితే ఫర్వాలేదు. సరిగ్గా 500కి పెట్టుకుంటే మ్యాచ్‌లో ఎక్విప్‌మెంట్ చెకింగ్ దగ్గర గుండె ఆగిపోతుంది.

ఎలక్ట్రానిక్ ట్రిగరా మెకానికలా అన్నది పెద్ద చర్చ. మొరీనీ సీఎం 162ఈఐ లాంటి ఎలక్ట్రానిక్ వాటిలో డ్రై ప్రాక్టీస్, అంటే గుండు పెట్టకుండా ట్రిగర్ నొక్కడం, హాయి, గన్ తెరవక్కర్లేదు, నొక్కితే టిక్ మంటుంది, వదిలి మళ్ళీ నొక్కితే మళ్ళీ టిక్, అంటే చెయ్యి గ్రిప్ మీద నుంచి కదలకుండా వరసగా పది సార్లు చేసుకోవచ్చు. నా మెకానికల్ దాంట్లో డ్రై ఫైర్‌కి ఏర్పాటు ఉంది, గాలి ఖర్చవదు, కానీ ప్రతిసారీ కాక్ చెయ్యాలి, అంటే ట్రిగర్‌ని మళ్ళీ సిద్ధం చెయ్యాలి. మొదట్లో ఇది చిరాకుగా అనిపించింది, తర్వాత నాకు ఇదే నచ్చింది, ఎందుకంటే మ్యాచ్‌లో కూడా ప్రతి షాట్‌కీ చెయ్యి దించి, గుండు పెట్టి, మళ్ళీ ఎత్తాలి కదా, ఇంట్లో కూడా అదే తంతు అలవాటవుతోంది. బ్యాటరీ గొడవ ఇష్టం లేనివాళ్ళకి మెకానికల్, ఎక్కువగా గోడకే గురిపెట్టి నేర్చుకుంటాం అనేవాళ్ళకి ఎలక్ట్రానిక్, నా ఓటు అలా ఉంటుంది.

లోపల రికాయిల్‌ని (షాట్ వెళ్ళినప్పుడు గన్ వెనక్కి తన్నే తన్నుని) తినేసే చిన్న బరువు ఒకటి ఉంటుంది ఎల్‌పీ10లో, షాట్ వెళ్ళినప్పుడు ఫ్రంట్ సైట్ ఎగిరి పడదు, ఉన్నచోటే చిన్నగా తలూపినట్టు అవుతుంది. దీనివల్ల స్కోర్ నేరుగా పెరుగుతుందా అంటే గట్టిగా చెప్పలేను. కానీ షాట్ అయ్యాక సైట్ ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది, తప్పు ఎక్కడ జరిగిందో కాగితం చూడకముందే తెలిసిపోతుంది, నేర్చుకునేవాడికి అది చాలా పెద్ద విషయం.

ఒక లెక్క చెప్తా, ఇది తెలిశాకే నా ప్రాక్టీస్ మారింది. రియర్ సైట్‌కీ ఫ్రంట్ సైట్‌కీ మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు అనుకోండి. ఫ్రంట్ సైట్ గాడి మధ్య నుంచి ఒక్క మిల్లీమీటర్ పక్కకి జరిగితే పది మీటర్ల దగ్గర గుండు 31 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. ఒక్కో రింగు 8 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నాలుగు రింగులు. అదే సైట్లు రెండూ కుదురుగా ఉండి చెయ్యి మొత్తం పక్కకి 8 మిల్లీమీటర్లు ఊగితే పోయేది ఒక్క రింగే. చెయ్యి ఊగుతోంది ఊగుతోంది అని ఏడుస్తాం గానీ ఊగడం వల్ల పోయేది తక్కువ, సైట్లు చెదరడం వల్ల పోయేదే ఎక్కువ. కాబట్టి కన్ను ఫ్రంట్ సైట్ మీదే ఉండాలి, టార్గెట్ మసగ్గా కనిపించాలి, అలా మసగ్గా ఉంటే భయమేస్తుంది, ఆ భయంతోనే బతకాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఇది తప్పకుండా చూడండి. గాలి సిలిండర్‌కి ఎక్స్‌పైరీ ఉంటుంది. చాలా కంపెనీలు తయారైన తేదీ నుంచి 10 ఏళ్ళే అని పెడతాయి, తేదీ సిలిండర్ మీదే ఉంటుంది, మ్యాచ్‌లో దాని బాధ్యత షూటర్‌దే. నాకు అమ్మినాయన కొత్తగా ఉందండీ ఒక్క గీత కూడా లేదు అన్నాడు, నిజమే, గీత లేదు, తేదీ మాత్రం దాటిపోయి ఏడాది అయ్యింది. నేను గన్ అంతా తిప్పి తిప్పి చూశా గానీ సిలిండర్ మీద అక్షరాలు చదవలేదు. ఫోన్ చేస్తే గాలి నిలుస్తోంది కదా ఇంకేం కావాలి అన్నాడు. 200 బార్ ప్రెషర్ ఉండే వస్తువుని మొహానికి మూరెడు దూరంలో పట్టుకుంటాం, గాలి నిలవడమొక్కటే చాలదు నాయనా. పాతది పక్కన పడేసి కొత్తది కొన్నా, చవగ్గా దొరికిందన్న సంతోషం సగం దానికే పోయింది. నింపేటప్పుడు నెమ్మదిగా నింపండి, గబగబా నింపితే వేడెక్కి, చల్లారాక ప్రెషర్ తగ్గిపోతుంది. హ్యాండ్ పంపుతో నింపడం మంచి వ్యాయామం, అంతకంటే మర్యాదగా చెప్పలేను.

ఇప్పుడు ఇంట్లో రేంజ్. మీరుండే చోట ఎయిర్ పిస్టల్ కొనడానికి, ఇంట్లో పేల్చడానికి రూల్స్ ఏంటో ముందు కనుక్కోండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. నాకు హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి 7 మీటర్లే వస్తోంది. పది మీటర్ల టార్గెట్‌ని అలాగే 7 మీటర్లలో పెడితే నల్ల గుండ్రం పెద్దగా కనిపించి మోసం చేస్తుంది, కాబట్టి 70 శాతానికి తగ్గించి ప్రింట్ తీస్తా, అసలు నలుపు 59.5 మిల్లీమీటర్లు, నాది 41.6 కొలత వస్తే ప్రింటర్ సరిగ్గా తీసినట్టు. స్కేలుతో కొలవండి, ప్రింటర్లు చెప్పకుండా కాగితానికి సరిపెట్టేస్తాయి. ఇలా తగ్గిస్తే గురిపెట్టేటప్పుడు ఫ్రంట్ సైట్‌కీ నలుపుకీ మధ్య వదిలే తెల్ల సందు కూడా కంటికి అంతే కనిపిస్తుంది, రేంజ్‌కి వెళ్ళినప్పుడు రియర్ సైట్ ఒకట్రెండు క్లిక్కులు తప్ప మార్చక్కర్లేదు. కానీ స్కోర్ చూసుకుని పొంగిపోకండి, రింగులు చిన్నవయ్యాయి గానీ గుండు 4.5 మిల్లీమీటర్లే, గీత తగిలితే పై రింగు ఇస్తాం కదా, నా లెక్కలో ఇంట్లో పది కొట్టడం అసలు దానికంటే సుమారు ఒక మిల్లీమీటర్ సులువు. ఇంట్లో స్కోర్ రాసుకోవడం మానేశా.

టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. లైటు దాని మీద బలంగా పడాలి, రేంజ్‌లో టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ (వెలుతురు కొలత) అడుగుతారు, ఇంట్లో అంత ఎవరు కొలుస్తారు, ఒక ఎల్ఈడీ లైటు పైనుంచి టార్గెట్ మీదకి వాల్చి పెట్టా. చేసిన పొరపాటు, మొదట నా వెనక కూడా ఒక దీపం పెట్టుకున్నా, అది ఫ్రంట్ సైట్ మీద పడి అంచు మెరిసేది, మెరిసే అంచు కంటికి ఒక పక్కకి సన్నగా కనిపిస్తుంది, గుళ్ళు అటే పోయేవి. వెనక దీపం ఆర్పి తల మీద మామూలు వెలుతురు ఉంచితే సరిపోయింది.

పెల్లెట్ ట్రాప్ (టార్గెట్ వెనక గుళ్ళని ఆపే పెట్టె) దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యొద్దు. నేను చెక్క పెట్టెలో వెనక ఇనప రేకు నిలువుగా కొట్టి పెట్టా, తెలివైనవాణ్ణి కదా. మొదటి పది గుళ్ళు బాగానే ఆగాయి, పదకొండోది నిలువు రేకుకి తగిలి వెనక్కి తిరిగొచ్చి నా కాలి దగ్గర నేల మీద టక్కుమంది. కంటికి తగిలుంటే? ఆ రోజు నుంచి కళ్ళజోడు లేకుండా గుండు పెట్టలేదు. రేకు 45 డిగ్రీలు వాలుగా ఉండి గుండుని కిందకి దించాలి, లేదా పెట్టె నిండా ఎండిపోని మెత్తటి పుట్టీ కూరితే గుండు అందులోనే కూరుకుపోతుంది. నేనిప్పుడు పుట్టీ వాడుతున్నా, చప్పుడు కూడా సగానికి తగ్గింది, రాత్రి పూట ఇంట్లోవాళ్ళు తిట్టడం మానేశారు. ట్రాప్ వెనక తలుపు ఉండకూడదు, కిటికీ ఉండకూడదు, మనకీ టార్గెట్‌కీ మధ్యలోకి ఎవరైనా రావడానికి దారే ఉండకూడదు, నేను పక్క తలుపుకి గడియ పెట్టి మొదలెడతా. కర్టెన్లు కూడా వేసెయ్యండి, ఎదురింటివాళ్ళకి ఇది మ్యాచ్ పిస్టల్ అని దూరం నుంచి తెలీదు. గుళ్ళు సీసం, ప్రాక్టీస్ అయ్యాక సబ్బుతో చేతులు కడగందే ఏమీ ముట్టుకోవద్దు, ట్రాప్ చుట్టూ చీపురుతో ఊడ్చి దుమ్ము లేపొద్దు, తడిగుడ్డతో తుడవండి.

గుళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తా. మూతి చదునుగా ఉండే వ్యాడ్‌కట్టర్లే వాడాలి, కాగితంలో పంచింగ్ మెషిన్ కొట్టినట్టు గుండ్రంగా చిల్లు పడుతుంది. పిస్టల్‌కి 0.45 గ్రాములవి చాలు. తల సైజు 4.49, 4.50 అని డబ్బా మీద రాస్తారు, చేత్తో కొట్టే నాలాంటివాడికి ఆ తేడా కనిపించదు, ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్ కంపెనీల్లో ఏది దొరికితే అది. అడుగు అంచు వంగినవి మాత్రం ఏరి పారెయ్యండి.

అసలు ప్రాక్టీస్ అంటే నాకు ఇప్పుడు ఖాళీ తెల్ల గోడ. టార్గెట్ ఉండదు, గుండు ఉండదు, లోపల ఖాళీయే అని రెండుసార్లు చూసుకుంటా, గుళ్ళ డబ్బా పక్క గదిలో ఉంటుంది. చెయ్యి ఎత్తి, గోడ మీద కిందకి దించుతూ ఫస్ట్ స్టేజ్ తీసేసుకుని, ఫ్రంట్ సైట్ రెండు పక్కలా తెల్ల సందులు సమానంగా ఉన్నాయా అనే చూస్తూ నొక్కుతా. గోడ మీద కొట్టాల్సింది ఏమీ లేదు కాబట్టి ఇప్పుడే కొట్టెయ్యాలి అన్న ఆత్రం పుట్టదు. క్లిక్ అన్న క్షణంలో ఫ్రంట్ సైట్ కదలకపోతే ఒకటి, చిన్నగా ఎడమవైపుకి ఉలిక్కిపడితే సున్నా, అదే నా స్కోర్. మొదటి రోజు ఇరవైకి ఆరు వచ్చాయి. ఎనిమిది సెకన్లు దాటినా తెగకపోతే చెయ్యి దించెయ్యాలి, ఇది చెప్పినంత తేలిక కాదు, ఇంత సేపు పట్టుకున్నాం కదా కొట్టేద్దాం అని వేలు గోల చేస్తుంది. వారంలో ఐదు రోజులు గోడ, రెండు రోజులు కాగితం. స్కాట్ (SCATT) లాంటి సిస్టమ్‌లు గన్‌కి తగిలిస్తే కంప్యూటర్‌లో సైట్ కదలిక గీతలా కనిపిస్తుంది, ఒక ఫ్రెండ్ దగ్గర వాడి చూశా, బాగుంది, కానీ గ్రిప్ సరిపోనివాడికి అది చూపించేది వాడి బాధనే, ఇంకొంచెం రంగుల్లో.

కొనమంటానా అంటే, ఏడాది పాటు సింగిల్ స్ట్రోక్‌తో కొట్టి ఇంకా సరదా తీరనివాళ్ళకి ఎల్‌పీ10 కళ్ళు మూసుకుని చెప్తా, గ్రిప్ సైజు చూసుకుని, సిలిండర్ తేదీ చదువుకుని. ఇంకా మొదలే పెట్టనివాళ్ళు, ఏదైనా క్లబ్‌లో పది రోజులు వాళ్ళ గన్‌తో కొట్టి చూశాక ఆలోచించండి.

నాకు ఇంకా తేలని సంగతి ఎడమ కన్ను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్ళజోడు, జేబులో చెయ్యి, రెండు కళ్ళూ తెరిచి మిక్స్‌డ్ టీమ్‌లో సిల్వర్ కొట్టాడు కదా, అది చూసి నేనూ రెండు కళ్ళూ తెరిచి ప్రయత్నించా, రెండు ఫ్రంట్ సైట్లు కనిపించాయి, దేన్ని నమ్మాలో తెలీలేదు. ఒక కన్ను మూస్తే మొహం బిగుసుకుని ఇరవై షాట్లకి తల నొప్పి. ప్రస్తుతానికి కళ్ళజోడు ఎడమ అద్దం మీద పాలలాంటి ప్లాస్టిక్ ముక్క అంటించుకున్నా, రూల్‌కి పనికొచ్చేలా 30 మిల్లీమీటర్లు దాటకుండా కత్తిరించి.